చిన్నమయగారి ఊరు

పిల్లలూ, ఒక అమ్మాయి తన గదిలో మంచంమీద హాయిగా నిద్రపోతున్నది. ఒక రాక్షసుడు వచ్చి, ఆమె నిద్ర చెడకుండా, పక్క నలగకుండా, ఆమెను మంచంతో సహా ఎత్తుకుని ఆకాశమార్గాన ఎగిరిపోయాడు. కింద ఊళ్ళు, అడవులు గడిచిపోయినవి. ఆ అమ్మాయికి మెలకువ వచ్చేసరికి తాను ఎక్కడ ఉన్నదో తెలియలేదు. అక్కడ ఆమె ఇంట్లో మటుకు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఎందుకంటే ఆ రాక్షసుడు తిరిగివచ్చి, అచ్చం ఆమె రూపమే ధరించి, ఆమె గదిలోనే కూర్చున్నాడు!

ఇంతకన్న విడ్డూరమైన ప్రయాణం ఎక్కడైనా విన్నారా? మీలో చాలామంది చూసే ఉంటారు. 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ సినిమాలోది ఇది. ఆ అమ్మాయి బలరాముడి కూతురు శశిరేఖ. ఎత్తుకుపోయినవాడు ఘటోత్కచుడు. అభిమన్యుడికి ఇస్తామన్న పిల్లను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి కట్టబెట్టబోతే, ఆ పెళ్ళి తప్పించడానికి శ్రీకృష్ణుడు పన్నిన ఉపాయం ఈ మంచం ప్రయాణం. వ్యాసుడు రచించిన భారతంలో ఈ కథ ఎంత వెతికినా దొరకదు. జనం నోట పుట్టి, నాటకాలలో పెరిగి, సినిమాలోకి వచ్చిన కథ.

ఈ సినిమాలో రాక్షసులకు కూడా ఒక బడి ఉన్నది. ఆ బడిలో గురువు పేరు చిన్నమయ. వెదురుబద్దలాంటి మనిషి. ఆయన మాట్లాడితే పక్కవాళ్ళు నవ్వుతారు, ఆయన మటుకు నవ్వడు. ఆ వేషం వేసినవారు రమణారెడ్డిగారు. పూర్తిపేరు తిక్కవరపు వెంకట రమణారెడ్డి. ఆయన పుట్టిన ఊరు నెల్లూరుజిల్లాలో ఇందుకూరుపేట మండలానికి చెందిన జగదేవిపేట. నెల్లూరులో మైపాడు గేటు దగ్గర నిలబడితే అటు పోయే బస్సు దొరుకుతుంది. ఘటోత్కచుడి అవసరం లేదు.

పోయిన సెలవులలో నేను ఆ బస్సు ఎక్కాను. నావెంట ఇద్దరు పిల్లలు. ఒకతె హైదరాబాదునుంచి వచ్చిన మా మనవరాలు. రెండవవాడు మా ఎదురింటి కుర్రవాడు. ఆరో తరగతి చదువుతున్నాడు. వాడి అమ్మమ్మగారిది మైపాడు. అయిదో తరగతి దాకా అక్కడే ఉండి చదివి, ఈ ఏడే పట్నంలో బడికి వచ్చాడు.

వాడిని వెంటపెట్టుకుని పోవడానికి ఒక కారణం ఉన్నది. బడి తెరిచిన కొత్తలో ఒకనాడు వాడు ఆలస్యంగా పోయాడట. ‘‘ఎందుకు ఆలస్యమైంది?’’ అని అడిగారు. ‘‘బస్సు యాడా నిలబళ్ళేదు సార్,’’ అన్నాడు వీడు. క్లాసంతా గొల్లున నవ్వింది. మరునాటినుంచి ‘‘యాడా నిలబళ్ళేదు’’ అన్నదే వాడికి పేరైపోయింది. వాడు బడిలో నోరు తెరవటం మానేశాడు. లెక్కల్లో వాడికి తెలియని జవాబు లేదు. కాని ఎవరైనా అడిగితే నేలచూపులు చూస్తాడు. వాళ్ళ అమ్మ ఈ సంగతి నాతో చెప్పి, ‘‘అయ్యవారూ, వీడికి నాలుగు మంచిమాటలు నేర్పండి,’’ అన్నది. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు మాటలు నేర్పినవాణ్ణే. అయినా వీడికి ముందు నేర్పవలసింది మాటలు కావని నాకు తోచింది. ఆ రాత్రి ఇద్దరినీ కూర్చోబెట్టి ‘మాయాబజార్’ చూపించాను. వాడు మొదటినుంచీ చివరిదాకా చూశాడు. లడ్లు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపోయేటప్పుడు పడిపడి నవ్వాడు. మరునాడే బయలుదేరాము.

బస్సు ఊరు దాటగానే రెండు పక్కలా వరిపొలాలు మొదలైనవి. ఇదంతా పెన్నానది తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. పెన్న ఎక్కడో కర్ణాటకలో నందికొండలలో పుట్టి, రాయలసీమ బండలమీదుగా వచ్చి, ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. కాలువలు తవ్విన తరువాత ఈ నేల బంగారమైంది. నెల్లూరు మొలగొలుకుల బియ్యం పేరు మీ తాతలనడగండి, చెబుతారు.

మా మనవరాలికి పొలాలకన్న సినిమామీదే ధ్యాస ఎక్కువగా ఉన్నది. ‘‘తాతయ్యా, గింబళి అంటే ఏమిటి?’’ అన్నది.

మంచి ప్రశ్న. సినిమాలో మగపెళ్ళివారు దిగడానికి రాక్షసులు ఒక మాయనగరం కడతారు. అందులో కాలు పెడితే తిన్నగా ఉండని కంబళి ఉన్నది. అది గింబళి. పడుకున్నవాడిని పడదోసే తల్పం ఉన్నది. అది గిల్పం. ఈ మాటలు కల్పించినవారు సినిమాకు సంభాషణలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు. వట్టినే కల్పించలేదు సుమా! మన ఇళ్ళలో రోజూ వినే మాటల్లోనుంచే లాగారు. ‘‘పులీ గిలీ వస్తుంది జాగ్రత్త,’’ అంటాము. ‘‘పాలూ గీలూ తాగావా?’’ అంటాము. పులి అంటే తెలుసు. గిలి అంటే ఏమిటి? ఏమీ లేదు. పులిలాంటిది మరేదైనా అని చెప్పడానికి దాని నీడలాగా ఇంకొక మాట వేస్తాము. ఈ అలవాటు తెలుగుకే కాదు, అరవానికి, కన్నడానికి కూడా ఉన్నది. వేల సంవత్సరాలుగా ఆ నీడమాటలకు అర్థం లేదు. పింగళివారు వచ్చి, ‘కంబళీ గింబళీ’ అంటున్నారు గదా, కంబళి సరే, ఆ గింబళి ఎట్లా ఉంటుందో చూడండి అని, నీడకు ఒళ్ళు తొడిగి నిలబెట్టారు. వ్యాకరణం చదివినవాడిని గనక నాకు ఇది మంచం ఎగరటంకన్నా పెద్ద మాయ అనిపిస్తుంది.

పిల్లలకు ఆట దొరికింది. మా మనవరాలు కిటికీలోంచి కనబడ్డ ప్రతిదానికీ నీడమాట కట్టడం మొదలుపెట్టింది. చెట్టు గిట్టు, కొంగ గింగ, కాలువ గీలువ. కుర్రవాడు వింటూ ఊరుకున్నాడు.

‘‘నిన్న రాత్రి చిన్నమయ బడి చూశావు గదా, అక్కడ ఏం జరిగింది?’’ అని వాణ్ణి అడిగాను. వాడు మాట్లాడలేదు. నేనే చెప్పాను. అస్మదీయులు అంటే మనవాళ్ళు. సంస్కృతమాట. రాక్షసశిష్యుడికి నోరు తిరగక ‘అసమదీయులు’ అన్నాడు. మరి మనవాళ్ళు కానివాళ్ళో? వాళ్ళు ‘తసమదీయులు’ అట! ఏ నిఘంటువులోనూ లేని మాట. గురువుగారు చిరాకుపడ్డారు. నేనైనా పడతాను, పలుకు తప్పితే దిద్దటమే మా వృత్తి. కాని ఘటోత్కచుడు శిష్యుణ్ణి వెనకేసుకొచ్చాడు. ఏ మాటైనా ఎవరో ఒకరి నోటినుంచి మొదట రావలసిందే గదా అనే భావంతో మాట్లాడి, ఆ శిష్యుడికి వీరతాడు వేయించాడు. పిల్లలూ, తరువాత ఏమైందో చూడండి. ఆ లేని మాటే ఈనాడు దినపత్రికలలో కనబడుతున్నది. నాయకుల తగాదాలు రాసేవాళ్ళు ‘అస్మదీయులు, తస్మదీయులు’ అని నిస్సంకోచంగా రాస్తున్నారు. నోరు తిరగని రాక్షసుడు తెలుగువాళ్ళందరికీ ఒక మాట ఇచ్చాడు!

కుర్రవాడు కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు.

ఇందుకూరుపేటలో దిగాము. మండలకేంద్రం. కొట్లు, బడులు, కార్యాలయాలు, కూడలిలో ఆటోలు—మీరు ఇట్లాంటి ఊళ్ళు చూసే ఉంటారు కనుక వర్ణించను. అక్కడ టీ తాగి, ఆటో మాట్లాడుకుని జగదేవిపేట పోయాము.

చూడడానికి అక్కడ కోట లేదు, జలపాతం లేదు. డెల్టాలో ఉండే పల్లె. పచ్చటి పొలాల నడుమ ఇళ్ళు, చెట్లు. 1921 అక్టోబరు 1న ఇక్కడ పుట్టిన పిల్లవాడు పెద్దవాడై, నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేశాడు. కాలువలు శుభ్రంగా ఉన్నవా, అంగళ్ళలో తిండి శుభ్రంగా ఉన్నదా అని చూసే ఉద్యోగం. గవర్నమెంటు జీతం. ఆ రోజులలో అటువంటి ఉద్యోగం వదిలి నాటకాలు, సినిమాలు అంటే ఇంటిల్లపాదీ కంగారుపడేవారు. ఆయన వదిలాడు. నెల్లూరునుంచి మద్రాసు రైలులో సుమారు 175 కిలోమీటర్లు. దూరం తక్కువే, కాని నెలజీతం విడిచిపెట్టి పోయేవాడికి అది ద్వారకనుంచి ఎగిరిన మంచమంత ప్రయాణం. 1950ల మొదట్లో చిన్నవేషాలతో ఆరంభించి, ‘మిస్సమ్మ’ (1955)లో అప్పులవాడు డేవిడ్‌గా, ‘మాయాబజార్’లో చిన్నమయగా, ‘గుండమ్మ కథ’ (1962)లో ఘంటయ్యగా నిలిచిపోయాడు. లావాటి రేలంగి పక్కన సన్నటి రమణారెడ్డి నిలబడితే చాలు, మాట్లాడకముందే జనం నవ్వేవాళ్ళు. ఇంకొక విశేషం: ఆయన నిజంగానే ఇంద్రజాలం నేర్చి, సభలలో ప్రదర్శించేవాడు. కనుక చిన్నమయ మాయలన్నీ వట్టి కెమెరా మాయలని తీసివేయడానికి వీల్లేదు! 1974 నవంబరు 11న ఆయన చనిపోయాడు. అప్పటికి నిండా యాభై మూడేళ్ళు.

సినిమాలోని మాయలు ఎట్లా చేశారని మా మనవరాలు అడిగింది. ఇది చెప్పవలసిన సంగతే. దర్శకుడు కె. వి. రెడ్డిగారు. కెమెరా పట్టినవారు మార్కస్ బార్ట్లే. తెరమీద వెన్నెల కాయించడంలో ఆయనను మించినవారు లేరని పేరు. సినిమాలో కనబడే ద్వారకానగరం మద్రాసు వాహినీ స్టూడియోలో నేలమీద కట్టిన బొమ్మల ఊరు. 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవుగల చోట సుమారు 300 చిన్న చిన్న ఇళ్ళు కట్టి, దీపాలు పెట్టారు. గోఖలే, కళాధర్ అనే కళాకారుల పనితనం అది. వస్తువులు మాయం కావటం, మనిషి మరొక మనిషిగా మారటం ఇంకొక పద్ధతి. కెమెరా ఆపి, వస్తువు తీసివేసి, మళ్ళీ తిప్పితే చూసేవాడికి ఆ వస్తువు హఠాత్తుగా మాయమైనట్టే ఉంటుంది. ఈ కిటుకు 1896లో పారిస్‌లో జార్జి మెలియే అనే గారడీవాడికి తెలిసింది. వీధిలో బస్సును ఫోటో తీస్తుండగా కెమెరా ఒక్కక్షణం ఇరుక్కుని ఆగిందట. ఫిలిం కడిగి చూస్తే బస్సుకాస్తా శవాలబండిగా మారింది! కెమెరా ఆగినప్పుడు బస్సు పోయి దాని చోటికి ఆ బండి వచ్చింది, అంతే. ఈ కథ ఆయనే తరువాత చెప్పుకున్నాడు. ఆకాశంలో ఎగరటం వంటివి తీయడానికి, ఒకే ఫిలింమీద రెండుసార్లు రెండు దృశ్యాలు ఎక్కించే పద్ధతి కూడా ఆ కాలంలో ఉండేది. మొదటిసారి కొంతభాగం నల్లగా కప్పి ఉంచుతారు. రెండవసారి కప్పిన భాగాన్ని తెరిచి, తక్కినది మూస్తారు. వెంట్రుకవాసి కదిలినా అంతా పాడే. కంప్యూటర్లు లేనికాలంలో ఇటువంటి పనికి ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. ఇక సావిత్రి చేసినదానికి ఏ కెమెరా కిటుకూ లేదు. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిని నటించాలి ఆమె. చీరకట్టుకుని, నగలు పెట్టుకుని, లేని మీసం దువ్వి రాక్షసుడిలాగా అడుగులు వేసింది. అది నేర్పితే వచ్చే విద్య కాదు.

ఈ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 జూలైలో ‘చందమామ’ పత్రిక స్థాపించారు. పిల్లలకు కథ చెప్పే చేతులే ఈ సినిమానూ తీసినవి. అందుకే కాబోలు, అందులో రాక్షసులను చూసి ఏ పిల్లవాడూ జడుసుకోడు.

అదే మండలంలో, పెన్న ఒడ్డున, పల్లిపాడు ఉన్నది. ఆటోవాడిని అటు పోనిమ్మన్నాము. అక్కడి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యగార్లు దానిని స్థాపించారు. పొణకా కనకమ్మగారు భూమి ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి మిత్రుడైన రుస్తుంజీ అనే పార్శీ పెద్దమనిషి విరాళం పంపించాడు. ఎక్కడి దక్షిణాఫ్రికా, ఎక్కడి పల్లిపాడు! చెట్లనీడలో కూర్చుని చేతివేళ్ళమీద లెక్కవేసి, ‘‘తాతయ్యా, గాంధీగారు వచ్చిన ఆరునెలలకు రమణారెడ్డి పుట్టాడు,’’ అన్నది మా మనవరాలు.

‘‘అదే ఏడు స్పెయిన్‌దేశంలో ఇంకొకాయన పుట్టాడు. ఆయన కథ కూడా చెబుతాను,’’ అన్నాను.

ఆయన పేరు లూయీస్ గార్సియా బెర్లాంగా. పెద్దవాడై సినిమాలు తీశాడు. 1953లో ఆయన తీసిన హాస్యచిత్రం పేరు ‘స్వాగతం, మార్షల్ గారూ!’ రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికావారు యూరపులో చితికిపోయిన దేశాలకు డబ్బు పంచారు. దానికి మార్షల్ ప్రణాళిక అని పేరు. స్పెయిన్‌కు మటుకు అందులో వాటా రాలేదు. సినిమాలో విల్యార్ దెల్ రియో అనే పేద పల్లె ఉన్నది. అమెరికావారు ఈ దారినే వస్తున్నారని ఒకనాడు కబురు వచ్చింది. చెవుడుగల ఊరిపెద్ద హడావుడి పడ్డాడు. స్పెయిన్ అంటే పరాయిదేశాలవాళ్ళకు దక్షిణాదివాళ్ళ వేషాలు, పాటలు, ఆటలే తెలుసు గనుక, ఊరంతా అట్లా మార్చేశారు. ఇళ్ళముందు అట్టగోడలు నిలబెట్టి సున్నం కొట్టారు. అందరూ కొత్త టోపీలు పెట్టుకున్నారు. అమెరికావాడిని ఏమి కోరాలో వరసలో నిలబడి ఒక్కొక్కరే రాయించుకున్నారు. రాత్రి నిద్రలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క కల. ఒక రైతుకు విమానంలోంచి ట్రాక్టరు దిగినట్టు కల వచ్చింది. తెల్లవారింది. బ్యాండు సిద్ధంగా ఉన్నది, జెండాలు సిద్ధంగా ఉన్నవి. దూరంగా దుమ్ము లేచింది. కార్లు వచ్చినవి...

‘‘వచ్చి?’’ అన్నది మనవరాలు.

వచ్చిన కార్లు ఆగకుండా రయ్యిన పోయినవి. అంతే! ఊరికి మిగిలింది అప్పు. ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్ళు తెచ్చి ఇచ్చి, ఆ అప్పు తీర్చుకున్నారు.

నేను పనిచేసిన ఒక బడిలో కూడా ఇట్లాగే జరిగింది. పెద్ద అధికారి వస్తున్నారని కబురు వస్తే, మూడురోజులు పాఠాలు మాని గోడలకు సున్నాలు, గుమ్మాలకు మామిడాకులు. పిల్లలు ఎండలో పూలు పట్టుకుని రెండుగంటలు నిలబడ్డారు. జీపు వచ్చింది, దుమ్ము లేపింది, పక్క ఊరికి పోయింది. అప్పటికి నేను బెర్లాంగా సినిమా చూడలేదు. చూసినప్పుడు మటుకు, ఈయన మా ఊరికి ఎప్పుడు వచ్చాడబ్బా అనుకున్నాను.

ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెడితే తమాషాగా ఉంటుంది. రెంటిలోనూ వచ్చే పెద్దవాళ్ళకోసం లేని ఊరొకటి వెలుస్తుంది. స్పెయిన్ ఊళ్ళో చుట్టాలు ఆగలేదు, కట్టినవాళ్ళు నవ్వులపాలయ్యారు. మాయాబజారులో చుట్టాలు ఆగారు, ఆగినవాళ్ళే నవ్వులపాలయ్యారు. అమాయకులను ఏడిపించకుండా గర్విష్ఠులను మటుకే ఏడిపించింది కనుక, నా ఓటు మన చిన్నమయకే. బెర్లాంగా నవ్వు కొంచెం చేదు. అయితే అది కూడా తినదగ్గ చేదే, కాకరకాయ కూరలాగా.

ఇంతలో కుర్రవాడు, తనలో తాను అనుకున్నట్టు, ‘‘గిస్సు,’’ అన్నాడు.

‘‘ఏమిటీ?’’ అన్నాను.

‘‘బస్సూ గిస్సూ. నిలబడేది బస్సు. యాడా నిలబడకుండా పోయేది గిస్సు. ఆ అమెరికావోళ్ళది గిస్సు తాతా.’’

మా మనవరాలు చప్పట్లు కొట్టింది. చెట్టుకింద రాలిన ఆకులు ఏరి, గడ్డిపరకతో గుచ్చి, వాడి మెడలో వేసింది. వీరతాడు!

పల్లిపాడునుంచి మైపాడు దారి పట్టాము. సముద్రం దగ్గరపడుతున్నకొద్దీ వరిపొలాలు తగ్గి రొయ్యల గుంటలు వచ్చినవి. గుంటల్లో రెక్కల చక్రాలు గిరగిర తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నవి. ఎందుకో తెలుసునా? రొయ్యలు కూడా నీటిలో కరిగిన ప్రాణవాయువు పీల్చుకునే బతుకుతవి. పగలు నీటిలోని నాచు ఎండకు ప్రాణవాయువు తయారుచేస్తుంది; రాత్రిపూట తయారుచేయకపోగా, ఉన్నది తానూ వాడుకుంటుంది. తెల్లవారుజామున గుంటలో వాయువు బాగా తగ్గిపోతుంది. అప్పుడు చక్రాలు ఆగితే రొయ్యలు చచ్చి తేలుతవి. అందుకే కరెంటు పోతే ఇక్కడి రైతుకు నిద్రపట్టదు.

మైపాడుకు ముందు బకింగ్‌హాం కాలువ అడ్డం వచ్చింది. తీరం వెంబడే తవ్విన కాలువ ఇది. 1806లో మద్రాసు దగ్గర మొదలై, అంచెలంచెలుగా పెరిగి, ఇటు కోస్తా ఆంధ్ర కాలువలతో కలిసింది. 1877–78 కరువురోజులలో కూలికోసం వచ్చిన జనంచేత అందులో కొంతభాగం తవ్వించారు; అప్పటి గవర్నరు పేరు దానికి పెట్టారు. ఒకప్పుడు పడవలమీద బియ్యం, ఉప్పు, కట్టెలు ఈ కాలువలోనే మద్రాసుకు పోయేవి. తెరచాప ఎత్తి, గాలి లేకపోతే గట్టున నడిచి తాడుతో లాగి, రోజులతరబడి ప్రయాణం చేసేవారు. రైళ్ళు, లారీలు వచ్చి పడవలను మాన్పించినవి.

ఆటో దిగి, సరుగుడు చెట్లు దాటి ఇసుకలోకి వచ్చాము. ఎదురుగా బంగాళాఖాతం. మధ్యాహ్నపు ఎండలో కళ్ళు చెదిరేట్టు మెరుస్తున్నది. మా మనవరాలికి దాహం వేసింది. తెచ్చుకున్న సీసా ఖాళీ అయింది. ‘‘ఇన్ని నీళ్ళున్నా తాగడానికి లేవు!’’ అన్నది.

‘‘ఎందుకు లేవు? దొరువులో ఉండాయి,’’ అన్నాడు కుర్రవాడు.

‘‘దొరువు అంటే?’’

హైదరాబాదుపిల్లకు ఆ మాట తెలియదు. వాడు నావైపు చూశాడు. నేను సముద్రంవైపు చూశాను. ఇక వాడికి చెప్పక తప్పలేదు. ముందు నెమ్మదిగా, తరువాత చేతులు తిప్పుతూ చెప్పాడు. ఇసుకనేలలో వెడల్పుగా గుంట తవ్వుతారు. ఎక్కువ లోతు తవ్వరాదు. ఊరినచోట ఆపాలి. ఆ నీళ్ళు తియ్యగా ఉంటవి. ఆశపడి ఇంకా లోతుకు పోతే ఉప్పునీళ్ళు తగులుతవి. వాళ్ళ అమ్మమ్మ కడవతో ముంచి మొక్కలకు పోసేదట. ‘‘ఆత్రగాడికి ఉప్పునీళ్ళు అంటాది మా అమ్మమ్మ,’’ అన్నాడు.

వాడు చెప్పినది అక్షరాలా నిజం. పిల్లలూ, వాన కురిసి ఇసుకలో ఇంకిన మంచినీరు ఉప్పునీటికన్న తేలిక. అందుచేత భూమిలో అది ఉప్పునీటిమీద తేలుతూ ఉంటుంది, నీటిమీద నూనె తేలినట్టు. కాకపోతే నూనెలాగా పూర్తిగా విడిగా ఉండదు, కదిలిస్తే కలిసిపోతుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచిందంటే, దాని కింద సుమారు 40 అడుగులదాకా మంచినీరే ఉండగలదని ఇంజనీర్లు లెక్కకట్టారు. కనుక పైన ఒక్క అడుగు తోడి పారేస్తే, కిందినుంచి ఉప్పునీరు ఎంత పైకి వస్తుందో చూడండి! మోటార్లు పెట్టి లోతునుంచి లాగినచోట్ల బావులు ఉప్పునవడానికి ఇదే కారణం. మీరు ఇంట్లోనే చూడవచ్చు. గాజుగ్లాసులో సగందాకా బాగా ఉప్పు కలిపిన నీళ్ళు పోయండి. మంచినీళ్ళలో ఒక చుక్క సిరా వేసి, చెంచా వెనకవైపునుంచి మెల్లిగా, చాలా మెల్లిగా దానిమీదికి జారవిడవండి. రంగునీళ్ళు పైనే నిలుస్తవి. గబుక్కున పోస్తే అంతా కలిసిపోతుంది.

తోటలో పనిచేస్తున్న ఒకాయన దొరువు చూపించాడు. నీళ్ళు చేదితే చల్లగా ఉన్నవి. కాచి తాగవలసిందని నేను అంటూనే ఉన్నాను, మా మనవరాలు దోసెడు తాగేసి, ‘‘తియ్యగా ఉన్నవి,’’ అన్నది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి రాసుకున్నది. గింబళి, గిల్పం, తసమదీయులు, గిస్సు. వాటికింద దొరువు.

‘‘దొరువు మేం కల్పించింది కాదు, నిజం మాట,’’ అన్నాడు కుర్రవాడు పుస్తకంలోకి చూసి. ‘‘దాన్ని వేరే పేజీలో రాసుకో.’’

సాయంకాలం బస్సు కిక్కిరిసి వచ్చింది. ముందు ఎక్కినవాళ్ళకు చోటు దొరికింది, నాకు దొరకలేదు. చేపలగంప పెట్టుకుని కూర్చున్న ఒక ముసలామె పక్కన పిల్లలిద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. మనవరాలు దొరువు సంగతి మళ్ళీ అడిగితే, కుర్రవాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి బస్సుహోరులో వినబడాలని గట్టిగా చెబుతున్నాడు. ముసలామె కాసేపు విని, ‘‘అట్టా గాదు అబ్బయ్యా, దొరువుకు మెట్లుండాల. మెట్లు లేకుంటే అది గుంట,’’ అన్నది. ‘‘మా అమ్మమ్మోళ్ళ దొరువుకు మెట్లు లేవు అవ్వా!’’ అన్నాడు వీడు. ‘‘అయితే అది గుంటే!’’ అన్నది ఆమె. వాడు ఒప్పుకోలేదు. ఆమె తగ్గలేదు. వెనకసీటువాళ్ళు కూడా చెరొక పక్షం చేరారు. బస్సు ఇందుకూరుపేట దాటినా ఆ వాదం తెగలేదు.